ఏడో కాయితం

ఆ వేసవిలో మా అక్క పనిచేసే పీహెచ్‌సీలో పన్నెండు మందిని మీరు అలసిపోయారా అని అడిగాను. పదకొండు మంది లేదన్నారు. మిగిలిన ఒక్క మనిషి మా అక్క.

అడగడం నా చదువు. ఆరోగ్య సిబ్బందిలో ఉద్యోగ సంతృప్తి, మానసిక దహనం అన్నది నా పీహెచ్‌డీ పేరులో సగం. బర్నౌట్‌కు మానసిక దహనం అన్న మాట మా గైడు తయారు చేశాడు. అలసట అంటే మరీ కూలివాళ్ల మాటలా ఉంటుందని ఆయన అభిప్రాయం. మొత్తం ఇరవై రెండు వాక్యాలు, ప్రతి వాక్యం పక్కన సున్నా నుంచి ఆరు దాకా అంకెలు. సున్నా అంటే అసలు లేదు, ఆరు అంటే రోజూ. పంతొమ్మిదేళ్లు ఊళ్లు తిరిగిన మనిషి పావుగంటలో ఇరవై రెండు అంకెల చుట్టూ సున్నాలు చుట్టి ఇస్తుంది. వాటిని కూడి, భాగించి, ఆ మనిషికి ఏమైందో నేను చెబుతాను. ఆమెకు తెలియనట్టూ, నాకు తెలిసినట్టూ.

ఆ పీహెచ్‌సీ పేరు రాయను. గిద్దలూరులో రాచర్ల ఆటో ఎక్కి మధ్యలో దిగాలి, అంతవరకు చాలు. పేర్లు దాచడం మా విద్యలో మొదటి పాఠం. దాన్ని నేనెంత శ్రద్ధగా నేర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మార్కాపురం వైపు ఏడు చోట్ల కాయితాలు నింపించడం అయిపోయింది. ఇది ఆఖరిది. మే నెల మధ్యలో ఒక మంగళవారం, వాళ్ల మీటింగు రోజు వెళ్లాను. పన్నెండు సెంటర్ల నుంచి పన్నెండు మంది నర్సమ్మలు. ఒడిలో ట్యాబు, పక్కన నీళ్ల సీసా, కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. నేను కాయితాలు పంచగానే సూపర్‌వైజరు అన్నమ్మగారు కళ్లజోడు పైకి తోసుకుని అడిగింది.

"ఎంత రావాల నాయనా?"

నాకు అర్థం కాలేదు.

"టార్గెట్. ముప్పై రావాలంటే ముప్పై, నూరంటే నూరు. ముందే చెప్తే అందరం ఒకమాదిరి వేస్తాం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వస్తే మళ్లా మమ్మల్నే పిలిపించి రాయిస్తారు."

టార్గెట్ లేదనీ, తప్పొప్పులు లేవనీ, పేరు రాయనక్కర్లేదనీ, ఎవరిది ఏదో నాకు కూడా తెలియదనీ చెప్పాను. ఆ నాలుగు మాటలూ ఏడు చోట్ల చెప్పి చెప్పి నాలుకకు అలవాటైపోయాయి. చివరి వరసలోంచి షహనాజ్ అనే అమ్మాయి నవ్వింది. పన్నెండో సెంటర్ ఆమెది. ఆ సెంటర్ కొత్తగా పెట్టింది, పన్నెండు మందిలో కాంట్రాక్టు మనిషి ఆమె ఒక్కతే.

"పేరు లేకుండా ఈ ఆఫీసులో దోమ గూడా ఎగరదన్నా," అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆమే, కొంచెం గొంతు తగ్గించి, "మంచి మాటైతే ఆరు, చెడ్డ మాటైతే సున్నా. అంతేనా?" అని అడిగింది.

మీకు ఎలా అనిపిస్తే అలా అన్నాను. ఆమె తల ఊపింది. ఎలా అనిపించాలో తెలిసిపోయిన తలూపు అది.

పదిహేను నిమిషాలు వాళ్లను చూస్తూ నిలబడ్డాను. ఒకరి కాయితంలోకి ఒకరు తొంగి చూస్తున్నారు. ఒకామె పెన్ను ఎత్తకుండా పై నుంచి కిందికి సున్నాలు చుట్టేసింది. నిజం చెప్పాలంటే వాళ్ల మీద నాకు అసహ్యం వేసింది. పేరు అడగని కాయితం మీద కూడా మూలగలేని మనుషులు. మా శాస్త్రంలో దీనికి మర్యాదైన పేరొకటి ఉంది, మెప్పు కోరే జవాబు అంటాం. నా నోట్సులో అదే రాసుకున్నాను. మనసులో మాత్రం పిరికితనం అనుకున్నాను. ఆ మాట ఎవరికి ఎక్కువ నప్పుతుందో అప్పటికి ఇంకా తేలలేదు.

అందరూ ఇచ్చాక అన్నమ్మగారు కాయితాలు ముందేసుకుని గోడ మీది బోర్డు వైపు చూస్తూ సర్దింది. ఆ బోర్డు మీద సెంటర్ల పేర్లు ఒకటి నుంచి పన్నెండు దాకా రాసి ఉన్నాయి. సర్ది, మూలకు చిల్లు పొడిచి, ట్యాగు కట్టి నా చేతికిచ్చింది.

"సెంటర్ల వరసలోనే పెట్టినా నాయనా. ఈ ఆఫీసులో ఏ కాయితమైనా అట్లనే పోవాల. వరస తప్పితే జిల్లాలో తీసుకోరు."

మెచ్చుకుంటానని చూసింది. థాంక్సండీ అన్నాను.

కలిపేయాల్సింది. ట్యాగు విప్పి, పేకముక్కలు కలిపినట్టు ఒక్కసారి కలిపితే అయిపోయేది. కట్ట ఒళ్లో పెట్టుకుని ఆటోలో గిద్దలూరు వచ్చేదాకా అదే ఆలోచిస్తున్నానని అనుకున్నాను గానీ, నిజానికి నా బుద్ధి ఇంకో లెక్కలో ఉంది. ప్రతి సెంటర్ కింద ఎంత జనాభా ఉందో, ఎంతమంది గర్భిణులున్నారో నా దగ్గర ఉంది. వరస చెడకపోతే ఏ జవాబు ఏ సెంటర్‌దో తెలుస్తుంది. పని బరువుకూ దహనానికీ సంబంధం చూపించవచ్చు. ఏడు చోట్ల దొరకనిది ఇక్కడ ఉచితంగా దొరికింది. గైడు మురిసిపోతాడు. ఎవరిది ఏదో నాకు తెలియదని ఒక గంట కిందే వాళ్లకు చెప్పాను. అయినా ఆ కట్టను విప్పలేదు.

అక్క ఇల్లు రైల్వే స్టేషన్ వెనక. ఆ వేసవంతా ఆ రెండు గదుల్లో మేమిద్దరమే. అక్క పేరు యేసుమణి. సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోకముందే ట్యాబు ఛార్జింగుకు పెడుతుంది. ఆ రోజు కూడా అంతే. ఆమె వంటింట్లో ఉండగా నేను ఏడో కాయితం తీశాను. బోర్డు మీద ఏడో పేరు ఆమె సెంటర్‌ది.

పొద్దున లేవగానే పనికి పోవాలంటే భయంగా ఉంటుంది. ఆరు. నా పని వల్ల ఎవరికీ మేలు జరగడం లేదు. ఆరు. రోగుల బాధ చూస్తే నాకు ఏమీ అనిపించడం లేదు. ఆరు. ఆ ఆరును రెండుసార్లు చుట్టింది, కాయితం వెనక పెన్ను గీత చేతికి తగిలింది.

నాకు మొదట కలిగింది సంతోషం. ఇది దాచను. ఏడు చోట్ల తిరిగి విసిగిపోయాక చేతికందిన మొదటి నిజమైన జవాబు. దుఃఖం తర్వాత వచ్చింది, అదీ నేను పిలిస్తే వచ్చింది. అన్నం తినేటప్పుడు అక్కను గమనించడం మొదలుపెట్టాను. నిలబడే తింటోంది. మధ్యలో రెండుసార్లు ఫోను చూసుకుంది. పక్కింటి రోశమ్మ వచ్చి తన మోకాళ్ల సంగతి చెబుతుంటే గోడ కేసి చూస్తూ ఊ కొట్టింది. లక్షణాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. సొంత అక్క పళ్లెంలో మజ్జిగ పోస్తుంటే, ఆ చేతిలో లక్షణం వెతికే తమ్ముడు ఏ జాతివాడో మా పుస్తకాల్లో లేదు.

"పని ఎట్ల ఉందక్కా?" అని అడిగాను.

"పని పనిలాగనే ఉంది. నువ్వు తిను," అంది.

ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పేదేమో. కానీ నాకు కావలసింది అప్పటికే కాయితం మీద ఉంది.

జూన్ మొదటి వారంలో డాక్టరు సంతకం కోసం వెళ్లాను. సర్వే సక్రమంగా జరిగిందని ఆయన ఒక పత్రం ఇవ్వాలి, అది లేకపోతే యూనివర్సిటీలో నా అధ్యాయం ముందుకు పోదు. డాక్టర్ నరేష్ నాకంటే చిన్నవాడు. రోజూ మార్కాపురం నుంచి కారులో పదకొండుకు వచ్చి, పీజీ పరీక్ష పుస్తకాలు తెరిచి, వాటి మీద ఓపీ చీటీలు రాసేవాడు. రోగి చెబుతున్నంతసేపూ ఆయన వేలు పుస్తకంలో ఒక పేరా మీద ఉండేది. అక్క రెండుసార్లు ఆరు చుట్టిన ఆ వాక్యాన్ని ఈయన ముందు ఎవరూ పెట్టి చూడలేదు, డాక్టర్లు నా శాంపిల్లో లేరు.

పత్రం చదివి పక్కన పెట్టాడు.

"ఆ ఫారాలు ఒకసారి ఇవ్వండి వెస్లీ గారూ. సాయంత్రానికి ఇచ్చేస్తా."

గోప్యత అనీ, నియమాలనీ ఏదో అన్నాను.

"పేర్లు లేవు కదండీ, నాకేం తెలుస్తుంది?" అని నవ్వాడు. "అన్నమ్మ గారు కట్టిన కట్టేగా? ఇక్కడ కాంట్రాక్టు రెన్యువల్ ఫైల్ ఒకటి రాయాలి. ఎవరు మనసు పెట్టి చేస్తున్నారో, ఎవరు మొక్కుబడిగా చేస్తున్నారో తెలిస్తే మంచిది కదా. మీ రీసెర్చి కూడా అందుకేగా."

నా పత్రం ఆయన మోచేతి కింద ఉంది. బ్యాగు బయట బల్ల మీద ఉంది, తెస్తానని వరండాలోకి వచ్చాను.

అప్పుడు మూడు దారులున్నాయి. ఇవ్వనని చెప్పి వెళ్లిపోవడం ఒకటి. అన్నీ కలిపేయడం రెండు. అక్క కాయితం తీసేసి, అన్నీ బాగున్నాయని ఒకటి నేనే నింపి పెట్టడం మూడు. మొదటిది చేస్తే సంతకం పోతుంది. రెండోది చేస్తే నా వరస పోతుంది. మూడోది దొంగ డేటా, అది పాపం. పరిశోధకుడిగా నాకు ఆ విషయంలో చాలా పట్టింపు. అందుకని నాలుగోది కనిపెట్టాను. మీటింగులో డాక్టరు అక్కను నిలబెట్టి ఆ కాయితం చదివించకుండా ఉంటే చాలు గదా అనుకుని, ట్యాగు విప్పి, ఏడో కాయితం లాగి, అన్నిటికీ అడుగున పెట్టాను. ఒక్క అంకె మార్చలేదు. వరస మార్చకూడదని ఏ పుస్తకంలోనూ లేదు. అడుగు దాకా ఎవరూ చదవరు. ఇంటికెళ్లాక దాన్ని మళ్లీ దాని చోట పెట్టుకోవచ్చు.

అడుగున ఎవరుంటారో ఆలోచించలేదని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. ఆలోచించాను. ఒక్క క్షణం పన్నెండో సెంటర్ షహనాజ్ నవ్వు గుర్తొచ్చింది. ట్యాగు ముడి వేశాను.

ఆయన సాయంత్రం కట్ట తిరిగి ఇచ్చాడు. పత్రం మీద సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర. అడుగు కాయితం అంచు కొంచెం మడిచి ఉంది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. నేను అంకెలు కంప్యూటర్లో ఎక్కిస్తూ గడిపాను. వానలు పడలేదు. తర్వాత ఒక సాయంత్రం అక్కతో పాటు షహనాజ్ కూడా ఆటో దిగి ఇంటికి వచ్చింది. అక్క ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. జరిగింది అక్క చెప్పింది. రెన్యువల్‌కు డాక్టరు సిఫార్సు చేయలేదు. ఈ నెలాఖరుతో షహనాజ్ ఉద్యోగం అయిపోతుంది. మీటింగులో అందరి ముందూ, రోగుల బాధ చూస్తే ఏమీ అనిపించని వాళ్లను తానెట్లా సిఫార్సు చేయాలని అడిగాడట. షహనాజ్ భర్త హమీద్ ఆరు నెలలుగా నడుం విరిగి మంచం మీద ఉన్నాడు. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే.

షహనాజ్ ఏడవలేదు. ఆమెకు ఒక సందేహం మాత్రం ఉంది. దాన్ని తీర్చగలిగినవాణ్ని నేనే అనుకుని వచ్చింది.

"అన్నా, ఆ మాట మీ కాయితంలోదే. దానికి నేను సున్నా చుట్టినా. సున్నా అంటే మంచిదే కదా? లేకపోతే నేనే తిరగేసి చుట్టినానా?"

తెరిచిన తలుపు అది. ఇంకెవరైనా అయితే దాంట్లోకి వెళ్లడానికి సిగ్గుపడేవాళ్లు.

"అయ్యుండొచ్చు షహనాజ్. చాలామంది అక్కడ తికమక పడతారు," అన్నాను.

"తొందరపడినట్టున్నా," అంది ఆమె. "ట్యాబు మోగుతా ఉంటే చూసుకోకుండా చుట్టినా. నా ఖర్మ." లేచి, గ్లాసు తనే కడిగి బోర్లించి, హమీద్‌కు మందు వేసే టైమైందని వెళ్లిపోయింది. తప్పు తనదని తేలినందుకు ఆమె ముఖంలో కొంత నెమ్మది కూడా కనిపించింది. అలాంటి నెమ్మది గురించి నేను ఒకప్పుడు సెమినార్ పేపరు రాశాను.

అక్క గడప దగ్గర నిలబడి ఆమె సందు దాటేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ అమ్మాయి అన్నీ సరిగ్గానే చుట్టింది. నా కాయితం లాక్కుని చూసి, ఇదేందక్కా ఇట్ల వేసినావు, మార్చుకో అని గొణిగింది. నేను మార్చలా. నా తమ్ముడు అడిగినాడు కదా అని ఉన్నది రాసినా." ఆగి, "నా కాయితం యాడుందిరా?" అని అడిగింది.

చెప్పాను. డాక్టరు అడిగింది, నేను ఇచ్చింది, ఏడో చోటు నుంచి తీసింది, అడుగున పెట్టింది. ఆమె కోసమే చేశానని కూడా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే క్లాసులో చెబుతున్నట్టు వినిపించింది.

"అడుగున ఎవరుంటారో నీకు తెలీదా?"

నేను చెప్పేదాకా ఆగకుండా బియ్యం కడగడానికి వెళ్లింది.

మరుసటి రోజు అక్క పీహెచ్‌సీకి బయల్దేరుతూ నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెంట వెళ్లాను. డాక్టరు గదిలో అన్నమ్మగారు ఏదో సంతకానికి నిలబడి ఉంది. అక్క నేరుగా చెప్పింది, ఆ కాయితం షహనాజ్‌ది కాదు, నాది అని.

డాక్టరు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"ఏ కాయితమమ్మా? అవి పేర్లు లేని ఫారాలు. ఏది ఎవరిదో నాకెట్లా తెలుస్తుంది? అది కాన్ఫిడెన్షియల్. షహనాజ్ విషయం వేరే, ఆమె అటెండెన్స్ బాగాలేదు."

గోప్యత గురించి నాకంటే బాగా మాట్లాడాడు. వాదించడానికి ఏమీ లేదు. వాదిస్తే తాను చూశానని ఆయనా, చూపించానని నేనూ ఒప్పుకోవాలి. ఇద్దరం చదువుకున్నవాళ్లం, ఆ గదిలో ఒకరినొకరం బాగానే కాపాడుకుంటున్నాం.

అక్క నా బ్యాగు తెరిచి ఖాళీ ఫారం ఒకటి తీసింది. ఆయన బల్ల అంచున పెట్టి, నిలబడే నింపడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. మధ్యలో ఒకచోట పెన్ను ఆపి, కాసేపు ఆలోచించి, మళ్లీ చుట్టింది. బయట ఓపీ వరస గొణుగుతోంది. అన్నమ్మగారు రెండుసార్లు "యేసుమణీ, వద్దే" అంది. ఇరవై రెండూ అయ్యాక అక్క కింద తన పూర్తి పేరు, సెంటర్ పేరు, ఉద్యోగి నంబరు రాసి, తారీఖు వేసి సంతకం చేసింది.

"ఇది పేరున్న కాయితం సార్. దీన్ని ఫైల్లో పెట్టుకోండి. ఏమీ అనిపించనిది నాకు. ఆ అమ్మాయికి అన్నీ అనిపిస్తాయి. మొన్న పాము కరిచిన పిల్లోడి కాడ మీరు రాకముందు రెండు గంటలు కూచుంది ఆమే."

డాక్టరు కాయితాన్ని తన వైపు లాక్కోలేదు, నెట్టేయనూ లేదు. అన్నమ్మగారు అక్కడ ఉంది గనక, ఆ కాయితానికి పేరుంది గనక, ఆయనకు వేరే దారి మిగల్లేదు. మూడో రోజు సవరించిన జాబితా పోయింది, అందులో షహనాజ్ పేరుంది. అదే రోజు అక్కకు మెమో వచ్చింది. రోగుల పట్ల నిర్లిప్తతను తనే రాతపూర్వకంగా వెల్లడించినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపాలి. వెనక ఆ సంతకం చేసిన ఫారం జిరాక్సు కుట్టి ఉంది. ఏం చర్యో రాయలేదు. కొండ అంచున ఏ ఆటో పోని సెంటర్‌కు వేస్తారని పీహెచ్‌సీలో అప్పటికే అనుకుంటున్నారు. ఆగస్టులో అక్కడికే వేశారు.

జవాబు నేను రాస్తానన్నాను. పరిశోధనలో భాగంగా ఇచ్చిన సమాధానాన్ని క్రమశిక్షణకు వాడకూడదని గట్టిగా రాయవచ్చు, అలాంటి వాక్యాలు నాకు బాగా వచ్చు.

"నువ్వు రాస్తే చానా బాగుంటాది," అంది అక్క. "వద్దులే."

తనే రాసింది. ఏం రాసిందో చూపించలేదు. రాస్తూనే, నీ పని అయిపోయింది కదా, ఎప్పుడు పోతున్నావని అడిగింది. రేపు పొద్దున బండికి అన్నాను. సరే, టిఫిన్ కట్టిస్తా అంది.

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు మెమో బల్ల మీదే ఉంది. అలవాటు చొప్పున జిరాక్సు తిప్పి, నా కట్టలోంచి మే నెల కాయితం తీసి పక్కపక్కన పెట్టాను. ఒకే మనిషి, ఆరు వారాల తేడా. ఒక్కొక్క అంకే పోల్చుకుంటూ కిందికి వచ్చాను. ఇరవై రెండింటిలో ఇరవై ఒకటి అచ్చంగా సరిపోయాయి. మా గైడు చూస్తే కొలమానం చాలా గట్టిదని మెచ్చుకునేవాడు.

తేడా పద్దెనిమిదో వాక్యంలో వచ్చింది. 'నా కష్టాన్ని అర్థం చేసుకునే మనిషి నా ఇంట్లో ఉన్నారు.' మేలో దానికి ఆరు చుట్టింది. ఇప్పుడు సున్నా.